తళిగలో ఉప్పు

మా అత్తగారి దగ్గర కొలత ఒక్కటే. "అంత."

"అత్తా, చారుకు చింతపండు ఎంత?" అని అడిగితే "అంత." "పప్పులోకి నీళ్లు?" "అంత." అంటూ చెయ్యి గాల్లో ఒక తిప్పు తిప్పేది. ఆ తిప్పులో సోలెడు ఉందో గిద్దెడు ఉందో దేవుడికే తెలియాలి. మళ్లీ అడిగితే, "సూస్తానే ఉండావు గదా, కండ్లు యాడ పెట్టుకోనుండావు?" అని కసిరేది. నేను చూస్తూనే ఉండేదాన్ని. ఆమె చెయ్యి ఒకచోట నిలిస్తే కదా నేర్చుకునేది!

శ్రీకాళహస్తి నుంచి చిత్తూరుకు కోడలిగా వచ్చేనాటికి నాకు పదహారేళ్లు. అవి యుద్ధం జరుగుతున్న రోజులు. పుట్టింట్లో వంటంతా అక్క, ఆమె పెళ్లయి వెళ్లాక అమ్మ చూసుకునేవాళ్లు. నాకు వచ్చిందల్లా వండింది తినడం, బాగాలేకపోతే మూతి ముడవడం. ఇక్కడ మామగారు కోర్టులో గుమస్తా, మా ఆయన తాలూకాఫీసులో ఉద్యోగి. పొద్దెక్కేసరికి ఇద్దరికీ కంచాల్లో కూడు పడాలి. పెళ్లయిన వారానికే అత్తగారు నన్ను పొయ్యి ముందు కూర్చోబెట్టి, తాను వెనక నిలబడింది.

మొదటి నెలలో సంగటి నాలుగుసార్లు చెడగొట్టాను. ఉడుకుతున్న నూకల మీద రాగిపిండి కుప్పగా పోసి, కదపకుండా కాసేపు వదిలేసి, ఆ తర్వాత కట్టెతో కెలకాలి. కాసేపంటే ఎంతసేపని అడిగాను. "పిండి పగిలేదాకా" అంది. పొగలో కళ్లు మండి నీళ్లు కారుతుంటే పిండి పగిలింది నాకెక్కడ కనబడుతుంది? కెలికి ముద్ద చేసి పెడితే, ఆమె దాన్ని రెండుగా చీల్చి లోపలున్న పొడిపిండి చూపించేది. "ఇది తిని మీ మామ కోర్టులో దగ్గుకుంటా కూసోవాల" అనేది. బియ్యం కార్డు మీద కొలిచి ఇచ్చే కాలం, దేన్నీ పారేయడానికి లేదు. చెడిందంతా నా కంచంలోకే వచ్చేది.

అన్నిటికంటే నన్ను ఏడిపించింది ఉప్పు. ఆ ఇంట్లో వండేటప్పుడు చుక్కైనా నాలుక మీద వేసుకోకూడదు. వేసుకుంటే కుండంతా ఎంగిలి. మరి ఉప్పు సరిపోయిందో లేదో ఎట్లా తెలుస్తుంది? "వాసనే చెప్తాది. ఉప్పు సాలకుంటే పులుసు సప్పగా వాసనొస్తాది" అనేది అత్తగారు. ఆమెకు చెప్పేదేమో. నేను చారు మీద వంగి ముక్కు కాలేదాకా వాసన చూసినా, నాకు చింతపండు వాసన తప్ప ఇంకేమీ తెలిసేది కాదు. ఒకరోజు ఉప్పు కషాయం, మర్నాడు చప్పిడి. మగవాళ్లు మాట్లాడకుండా తినేసి పోయేవాళ్లు. తిట్లు మాత్రం ఆమె నోటినుంచి సాయంత్రందాకా వచ్చేవి. ఎంత ఎక్కువైందో, ఎంత తక్కువైందో ఆ తిట్లలో ఎక్కడా ఉండేది కాదు.

ఇట్లా ఆరు నెలలు గడిచాక పుట్టింటినుంచి ఉత్తరం వచ్చింది. పురిటికి వచ్చిన అక్కకు మగబిడ్డ. బిడ్డకు నాలుగో నెల రాగానే ఆమెను కడప అవతల అత్తగారింటికి పంపేస్తారు. అక్కడికి వెళితే మళ్లీ ఎప్పుడు చూస్తానో తెలియదు. నేను ఉత్తరం పట్టుకొని అత్తగారి వెనక తిరిగాను. ఆమె రెండు రోజులు విననట్టే ఉండి, మూడోరోజు ఒక మెలిక పెట్టింది.

"పెరటాసి మొదటి శనివారం తళిగకు పులిహోర నువ్వే చెయ్యాల. దానికి వంక రాకుంటే పంపిస్తా."

మా వైపు, అరవ లెక్కలో వచ్చే పెరటాసి నెల శనివారాల్లో ఏడుకొండలవాడికి తళిగ వేస్తారు. పులిహోర, చక్కెర పొంగలి, వడలు వండి, అరిటాకుల మీద దేవుడి ముందు పెట్టి, గోవింద కొట్టి, ఆ తర్వాతే ఇంటిల్లిపాదీ తినేది. ఆ రోజు రుచి చూడటమన్న మాటే లేదు. పైగా అత్తగారింట్లో ఇంకో కట్టుబాటు ఉంది. మాట్లాడితే తుంపర పడుతుందని, వండేవాళ్లు మూతికి గుడ్డ కట్టుకోవాలి. తళిగ వేసేదాకా నోరు విప్పకూడదు. మామూలు రోజుల్లో అడిగి అడిగి "అంత" అనిపించుకునేదాన్ని. ఆ రోజు ఆ "అంత" కూడా దొరకదు.

తెల్లవారకముందే తలస్నానం చేసి, మూతికి గుడ్డలు కట్టుకొని ఇద్దరం చెరో పొయ్యి ముందు కూర్చున్నాం. చింతపండు ఆమే నానబెట్టి ఉంచింది. నేను పిసికి, పులుసు తీసి, పసుపు వేసి పొయ్యి మీద పెట్టాను. అది కుతకుతమంటుంటే సందేహం పట్టుకుంది. చింతపండులో ఆమె ముందే ఉప్పు వేసిందా, నేను వేయాలా? వడలు తీస్తున్న అత్తగారి వైపు తిరిగి, ఉప్పు జాడీ చూపించి, కనుబొమలు ఎగరేశాను. ఆమె పిడికిలి మూసి నాకు చూపించి, మళ్లీ నూనెలోకి వంగింది.

మా అమ్మ నోట్లో తాంబూలం ఉన్నప్పుడు పిడికిలి మూసి చూపిస్తే "అయింది, వదిలెయ్" అని. పుట్టినప్పటినుంచి అదే చూశాను. హమ్మయ్య, ఉప్పు వేసేసింది అనుకున్నాను. జాడీ మూత పెట్టి, పులుసు అన్నంలో కలిపి, శనక్కాయలు వేయించి పైన పోశాను. పచ్చగా, విడివిడిగా, చూడముచ్చటగా వచ్చింది. ఆరు నెలల్లో మొదటిసారి నా వంట చూసి నాకే ముద్దొచ్చింది.

గోవింద కొట్టారు. హారతి అయింది. మామగారు, మా ఆయన, పిలుపు మీద వచ్చిన చుట్టాలు నలుగురు ఆకుల ముందు కూర్చున్నారు. మామగారు పులిహోర ముద్ద నోట్లో పెట్టుకొని ఆగాడు. పక్కాయన నీళ్లు తాగాడు. మా ఆయన తల వంచుకొని వడ కొరికి, దాన్ని నంజుకుంటూ పులిహోర తిన్నాడు. ప్రసాదానికి వంక పెట్టకూడదు, దాని మీద ఉప్పు అడగనూ కూడదు. ఆకులు ఖాళీ చేసి, చేతులు కళ్లకద్దుకొని లేచారు.

ఆ తర్వాత నేనూ అత్తగారూ కూర్చున్నాం. మొదటి ముద్దకే నాకు అర్థమైంది. ఉప్పే పడలేదు. అత్తగారు నమిలి, మింగి, నా వైపు చూసింది.

"పిడికిలి సూపిస్తిని గదమే!"

"అయిందని కదా చూపించావు?"

"పిడికెడు ఎయ్యమంటే అయిందంటావా!"

నాకు ఏడుపు, దాని వెనకే కోపం తన్నుకొచ్చాయి. వండేటప్పుడు నాలుక మీద వేసుకోకూడదు, వండాక వంక పెట్టకూడదు, మధ్యలో నోరు విప్పకూడదు. ఇంక వంట నేర్చుకునేది ఎప్పుడు, చచ్చినాకనా? అంత కోపంలోనూ ఒక మాట తట్టింది. "ఎవరైనా వంక పెట్టారా అత్తా? నువ్వు పెడతావా?" అని అడిగాను. ఆమె తన ఆకు వైపు చూసింది, దేవుడి పటం వైపు చూసింది. ప్రసాదానికి వంక పెట్టే మనిషి కాదు. ఇంకో ముద్ద తిని, "మీ ఊరికి పొయ్యి రాపో" అంది.

బయలుదేరేటప్పుడు మాత్రం మిగిలిన పులిహోర ఆకులో కట్టి చేతికిచ్చింది. "మీ అమ్మోళ్లకు ప్రసాదం" అంది. అది భక్తో కసో ఈనాటికీ నాకు తెలియదు. పాకాల, తిరుపతి, రేణిగుంట దాటి రైలు కాళహస్తి చేరేదాకా ఆ పొట్లం నా ఒళ్లోనే ఉంది. కిటికీలోంచి పారేయాలని ఎన్నిసార్లు అనిపించిందో. ప్రసాదం, ఎట్లా పారేయను?

ఇంటికి చేరగానే అమ్మ పొట్లం విప్పి కళ్లకద్దుకొంది. నా చేతి వంట ఆమె తినడం అదే మొదలు. నేను ఆమె మొహమే చూస్తున్నాను. నములుతూ ఒక్క క్షణం ఆగి, మళ్లీ నమిలింది.

"ఉప్పు లేదు కదమ్మా? చెప్పు!"

"ప్రసాదాన్ని అట్లనగూడదు పాపా" అంది అమ్మ.

నాకు ఒళ్లు మండింది. ఇంత దూరం వచ్చింది ఈ మాట వినడానికా? అప్పుడు లోపలినుంచి అక్క వచ్చింది, భుజం మీద బిడ్డతో. బాలింతకు పులుపు వద్దని అమ్మ అడ్డం పడుతున్నా వినకుండా, రెండు వేళ్లతో కాస్త తీసి నోట్లో వేసుకుంది.

"థూ, దీంట్లో ఉప్పేదే? నా పత్యం కూడే మేలు గదే!"

"ప్రసాదాన్ని అనగూడదంటి గదా!" అని అమ్మ కేకేసింది.

"ప్రసాదాన్ని యాడన్యానమ్మా, దీన్ని అంటా ఉండా."

నేను అక్కను, బిడ్డను కలిపి పట్టుకొని భోరున ఏడ్చాను. ఆరు నెలల్లో నా వంట గురించి నాకు అర్థమయ్యేలా ఒక మనిషి అన్న మొదటి మాట అది. అక్కకు కంగారు పుట్టింది. జరిగిందంతా విని, నవ్వి, బిడ్డను అమ్మకిచ్చి నన్ను వంటింట్లోకి లాక్కెళ్లింది. జాడీలోంచి పిడికెడు ఉప్పు తీయించి, నా పిడికిలి విప్పించి చూసింది.

"మీ అత్త చెయ్యి పెద్దదా?"

"చాలా పెద్దది."

"అయితే ఆమెకు ఒకటి, నీకు రెండు. అంతే, దీనికి ఏడుపెందుకు?"

నాలుగో రోజు అక్కను అత్తగారింటికి పంపారు. స్టేషన్‌కు నేనూ వెళ్లాను. రైలు కదిలాక అక్క బిడ్డను ఒక చేత్తో ఎత్తుకొని, రెండో చెయ్యి కిటికీ బయటపెట్టి, రెండు వేళ్లు చూపించింది. ఆ సైగ నేను తప్పుగా అర్థం చేసుకోలేదు.