కుంకుమతో రాసిన పాస్‌వర్డ్

మైదుకూరులో మా మామది కిరాణా అంగడి. ముందర అంగడి, వెనక ఇల్లు, మధ్యలో ఒక తలుపు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి నాలుగేళ్లయినా, బేరాలు జరిగే వేళలో ఒక్కసారి కూడా ఆ తలుపు దాటలేదు. కోడళ్లు అంగట్లోకి రావడం మావాళ్లలో ఆనవాయితీ కాదు. అది తలుచుకుంటే నాకు ఒళ్లు మండేది. అయినా నోరు మూసుకుని ఉండేదాన్ని.

అలాంటి ఇంట్లో నాకు ఉద్యోగం వచ్చింది. ఇంటర్నెట్ అప్పుడప్పుడే మా ఊరి ఇళ్లల్లోకి వస్తున్న రోజులు. డాక్టర్లు రోగుల గురించి చెప్పి రికార్డు చేసిన మాటలు విని, ఇంట్లోనే టైపు చేసి పంపే పని. మూడు నెలలు చూసి ఖాయం చేస్తామని హైదరాబాదు కంపెనీవాళ్లు అన్నారు. మా ఆయన సరేనన్నాడు. అత్త మూతి ముడిచింది. మామ మాత్రం "ఇంట్లో కూసోని చేసేదే గదా, చెయ్యనీ" అని కనెక్షన్ పెట్టించాడు.

టెలిఫోన్ మనిషి వచ్చి వైఫై పెట్టె బిగించి, పాస్‌వర్డ్ చీటీ మీద రాశాడు. "ఇది లేకుంటే ఏ పనీ నడవదు పెద్దాయనా" అని మామ చేతికే ఇచ్చాడు. నేను దాన్ని చూసి ల్యాప్‌టాప్‌లో కొట్టుకున్నాను. చీటీ మామ జేబులోకి పోయింది.

నెల రోజులు బాగా నడిచింది. తర్వాత మధ్యాహ్నమైతే చాలు, ఫైళ్లు కదలడం మానేశాయి. నా పని చూసే మేడమ్ ఫోన్ చేసింది. "మీ నెట్ ఇంకెవరో వాడుతున్నట్టున్నారు. ఇవి రోగుల వివరాలు. మీ లైన్ మీద బయటివాళ్లుంటే మీకు పని ఇవ్వలేం. వారం చూస్తాను" అంది. ఎక్కడ చూడాలో కూడా తనే చెప్పింది. తెరిచి చూస్తే మా లైన్ మీద ఐదు కంప్యూటర్లు ఉన్నాయి. మా ఇంట్లో ఉన్నది ఒక్కటే.

పాస్‌వర్డ్ మార్చాను. అంకెలు, అక్షరాలు కలిపి నాకే నోరు తిరగనిది పెట్టాను. మార్చానని తెలిసి మామ కొత్త చీటీ అడిగితే రాసిచ్చాను. ఇంటి పెద్దకు ఇవ్వనని ఎలా అంటాను? రెండు రోజుల్లో మళ్లీ ఐదుగురు తయారు. మళ్లీ మార్చాను, మళ్లీ చీటీ ఇచ్చాను. ఈసారి ఆరుగురు. చివరికి మా ఆయన్ని అనుమానించాను. పాపం, ఆ మనిషికి సొంత ఇంటి ఫోన్ నంబరే గుర్తుండదు.

గడువుకు ఒక్కరోజే మిగిలింది. ఆ రోజు అత్త ఇంట్లో లేదు. అంగట్లో మామకు పొలమారింది. దగ్గు ఎంతకీ ఆగకపోయేసరికి, ఆనవాయితీ సంగతి తర్వాత చూద్దామని చెంబుతో నీళ్లు పట్టుకుని తలుపు దాటాను.

గల్లాపెట్టె పైన లక్ష్మీదేవి పటం ఉంది. దాని కింద శుభం, లాభం. వాటి కింద నా పాస్‌వర్డ్. కుంకుమతో, ఒక్కో అక్షరం నిమ్మకాయంత. చుట్టూ పాతవి తుడిచిన ఎర్రటి మరకలు. ఎదురుగా పక్కింటి కంప్యూటర్ సెంటర్ సారు, శనగపప్పు కొనడానికి వచ్చినవాడు, దాన్ని అరచేతిలో పెన్నుతో రాసుకుంటున్నాడు.

"గోడ మీద ఇదేంది మామా?" అన్నాను.

"నీ పనికి ఇదే ఆధారమని ఆ టెలిఫోన్ ఆయప్ప చెప్పినాడు గదమ్మా. కొత్త కాటా తెచ్చినా అమ్మవారి ముందర పెట్టేవాళ్లం. నీ పని నిలబడల్లని రాసినా. దినామూ ఊదిబత్తి గూడా ముట్టిస్తాండా."

కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. నా ఉద్యోగం నిలబడాలని ఆ ఇంట్లో దండం పెట్టుకునేది ఆయనొక్కడే. దాన్ని ఊడగొడుతున్నదీ ఆయనే.

"దీన్ని చూసి అందరూ మన లైన్ వాడుకుంటాండారు మామా. రేపటికి ఆపకపోతే నా పని పోతాది."

సారు పప్పు సంగతి మరిచి మెల్లగా జారుకున్నాడు. మామ అతను పోయినవైపే చూశాడు. చెయ్యి మొలతాడుకున్న తాళంచెవి మీదికి పోయింది.

"ఇనప్పెట్టె తాళం నేను ఎవురికీ ఇయ్యలే. మీ అత్తకు గూడా. ఇదీ అట్లాంటిదేనని నాకు తెలీకపాయెనే" అని, తడిగుడ్డ తీసుకుని స్టూలెక్కి, శుభం లాభం చెరగకుండా ఆ అక్షరాలు తుడిచాడు.

తర్వాత నాతోపాటే లోపలికి వచ్చాడు. నేను ల్యాప్‌టాప్ తెరిచి, అలవాటుకొద్దీ చీటీకి కాగితం చించాను.

"వద్దమ్మా. నాకు చెప్పొద్దు, మీ అత్తకూ చెప్పొద్దు, నా కొడుక్కూ చెప్పొద్దు. అది నీ పెట్టె" అని గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

నా పుట్టింటి నగలు కూడా అత్త బీరువాలోనే ఉండేవి. ఆ ఇంట్లో నేను మాత్రమే తెరవగలిగింది నాలుగేళ్లలో ఒక్కటీ లేదు. కొత్త పాస్‌వర్డ్ కొట్టాను. లైన్ మీద ఒక్క కంప్యూటరే మిగిలింది.

"తిరగొచ్చామ్మా?" అని గోడతోనే అడిగాడు మామ.

"తిరగండి మామా."

మూడు నెలలు నిండాక ఉద్యోగం ఖాయమైంది. ఆ కబురు చెప్పడానికి నేనే తలుపు దాటి అంగట్లోకి పోయాను. మామ పటం కింద ఊదిబత్తి గుచ్చుతున్నాడు, శుభం లాభం తప్ప ఏ రాతా లేని ఆ గోడ ముందర.