తెల్ల లిల్లీ పిల్ల

ఆ రోజుల్లో మా జంషెడ్‌పూర్ కాలనీలో మనిషి ఎలాంటివాడో తెలుసుకోవడానికి అతని ఉద్యోగం సంగతి ఎవరూ అడిగేవారు కాదు, క్వార్టరు ముందున్న పూలమడి చూసేవారు. హోలీ వెళ్లి ఎండలు ముదిరేలోపు అక్కడ లిల్లీ పూసిందా, ఆ ఇంటివాడు పద్ధతిగలవాడు. నాకప్పుడు ఇరవై అయిదేళ్లు, కార్ఖానాలో కొత్త ఉద్యోగం. ఆరో తరగతి నుంచి డైరీ రాసే అలవాటు వల్ల ఏ గడ్డ ఏ తేదీన నాటానో, ఎన్నో రోజున మొలక కనిపించిందో అన్నీ రాసేవాణ్ని. షాపులో (కార్ఖానాలో మేం పనిచేసే షెడ్డుని అలాగే అంటాం) అందరూ డైరీబాబు అనేవారు. (ఎంత రాసినా నా మడిలో పూసినవి రెండే. తెల్లవని చెబితే సాక్చి బజార్లో కొన్నాను, రెండూ ఎర్రగా పూశాయి.)

మేం లిల్లీ అనేది ఉల్లిపాయ లాంటి గడ్డ నుంచి బాకాల్లాంటి పూలు పూసే మొక్క. తల్లిగడ్డ పక్కన చిన్న గడ్డలు పుడతాయి, వాటిని పిల్లలంటారు. చలికాలంలో ఆకులు పండిపోయాక తవ్వి, వేళ్లు తెగకుండా పిల్లను విడదీసి నాటితే రెండు మూడేళ్లకు పూస్తుంది. తెల్లది మాత్రం కాలనీ మొత్తానికి ఒక్కచోటే ఉండేది, మా ఫోర్‌మన్‌గారింట్లో. ఆయనది శ్రీకాకుళం వైపు. ఆ తెల్లదాని పిల్లను ఆయన ఎవరికైనా ఇవ్వడం ఎవరూ చూడలేదు. పైగా షాపులో రోజంతా హిందీలో అరిచే మనిషి, ఇంటి గేటు దాటాక తెలుగు తప్ప వినరు. ఎవరైనా గడ్డని ‘బల్బ్’ అంటే వీధి దీపం వైపు చూపించేవారు.

ఇక్కడే పుట్టి హిందీ బడిలో చదివిన నా తెలుగు, అమ్మని అన్నం అడగడానికి సరిపోయేది గాని ఆయన్ని ఒప్పించడానికి చాలేది కాదు. అందుకని ముందురోజే డైరీలో ఒక వాక్యం రాసుకుని ఏడుసార్లు చదివి కంఠస్థం చేశాను. జనవరిలో ఒక ఆదివారం పొద్దున వెళ్లేసరికి ఆయన పీట మీద కూర్చుని చేతిపార లాంటి ఖుర్పీతో గడ్డలు తవ్వుతున్నారు. నన్ను చూసి, “ఏటి డైరీబాబూ, ఇలాగొచ్చినావు?” అన్నారు. గొంతు సవరించుకున్నాను. సరిగ్గా అప్పుడే వాళ్లమ్మాయి (బీఏ పూర్తిచేసి ఇంట్లో ఉంటోంది) టీ పట్టుకుని వరండాలోకి వచ్చింది. నేను నా వాక్యం అప్పజెప్పేశాను.

“మీ పిల్లని నాకు ఇప్పించండి.”

పళ్లెంలో గ్లాసు చప్పుడైంది. అమ్మాయి వెనక్కి తిరిగి లోపలికి వెళ్లిపోయింది. (టీ కూడా వెళ్లిపోయింది.) ఫోర్‌మన్‌గారు ఖుర్పీ పక్కన పెట్టి, “మీ ఇంట్లో పెద్దోళ్లు లేరేటి, నువ్వే వచ్చీసినావు?” అన్నారు చాలా మెల్లగా. గడ్డ అడగడానికి పెద్దలెందుకో నాకు అర్థం కాలేదు. అమ్మకి తెలుసనీ, ఇంట్లో ఇప్పటికే రెండున్నాయి కదా, మూడోది ఎందుకురా అని విసుక్కుందనీ ఉన్నదున్నట్టు చెప్పాను.

“రెండున్నాయా?” అన్నారాయన.

“ఉన్నాయండి. రెండూ ఒకేచోట ఉంటాయి, ఇబ్బందేం లేదు.”

ఆయన ఖుర్పీ మళ్లీ అందుకున్నారు. తలుపు వెనక ఆయన భార్య “ఓలమ్మో” అనడం వినిపించింది. నా పెంపకం మీద వీళ్లకి నమ్మకం కుదరడం లేదనుకున్నాను. “మీరేం బెంగపడకండి. మెడ పైకి ఉంచి మిగతాదంతా మట్టిలో పూడుస్తాను. వేళ్లూనేదాకా నీళ్లు వారానికి ఒక్కసారే” అన్నాను.

లోపలి నుంచి పెద్ద నవ్వు. ఆ వెంటనే అమ్మాయి గొంతు, “పాపా, బల్బ్ మాంగ్ రహే హైఁ. లిల్లీ కా.” నాన్నా, అడుగుతున్నది లిల్లీ గడ్డని, అని. ఆ ఇంట్లో హిందీ వినిపించినా ఆయన కోప్పడని రోజు అదొక్కటే. ఖుర్పీ కిందికి దిగింది. “అయితే నువ్వడిగింది మా పిల్లని కాదా?” అన్నారు. కాదండి, కాదండి అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. మర్యాదగా ఉంటుందని “ఛఛ” అని కూడా అన్నాను.

“ఛఛ ఏటి? మా పిల్లకేటి తక్కువ?”

లోపల నవ్వు ఆగిపోయింది. తెల్లదాని పిల్ల ఒకటుంది గాని బయటివాళ్లకి ఇవ్వనని చెప్పి, చేతిలో ఒక ఎర్రగడ్డ పెట్టి పంపేశారు. ఆ రోజు డైరీలో ‘ఎర్రవి మూడు’ అని మాత్రం ఉంది. ఇంటికొచ్చి చెబితే అమ్మ నవ్వలేదు. ఆ పిల్ల వింటుండగా ఛఛ అన్నావా అని తిట్టి, క్షమాపణ చెప్పి వస్తానని అరటిపళ్లు పట్టుకుని వెళ్లింది. తిరిగొచ్చేసరికి సంబంధం మాట్లాడి వచ్చింది. అమ్మాయి పెట్టిన షరతు ఒకటేనట, అబ్బాయి మళ్లీ వచ్చి అదే వాక్యం తనవైపు చూస్తూ అడగాలి. వెళ్లి అడిగాను. మధ్యలో రెండుసార్లు ఆగిపోయాను. పెళ్లయ్యాక ఆమె ట్రంకుపెట్టెలో, చీరల కింద కాగితంలో చుట్టి, తెల్ల లిల్లీ పిల్ల మా ఇంటికి వచ్చింది. మూడో వసంతంలో పూసింది. (తెల్లగానే.)

ఇప్పుడు ఆదిత్యపూర్‌లో మా మేడ మీద దాని సంతతి పద్దెనిమిది కుండీల్లో ఉంది. ఇన్నేళ్లూ ఈ కథ ఎవరికి చెప్పినా తప్పు నా రాతదేననే చెప్పాను. గడ్డయితే ‘పిల్ల ఇప్పించండి’ అంటే సరిపోయేది, హిందీ బడి చదువు వల్ల అనవసరంగా ‘ని’ చేర్చి రాసుకున్నానని. మొన్న నాటిన తేదీలు సరిచూద్దామని ఆ ఏటి డైరీ తీశాను. నా చేతిరాతే, స్పష్టంగా ఉంది: ‘మీ తెల్ల లిల్లీ పిల్ల ఒకటి నాకు ఇప్పించండి.’ ఎక్కడా ‘ని’ లేదు. ‘తెల్ల లిల్లీ’ ఎటు పోయిందో, ఆ ‘ని’ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియక పేజీ తీసుకెళ్లి మా ఆవిడకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చదివి తిరిగి ఇచ్చేసింది.

“అడిగింది నన్నేనని నాకారోజే తెలుసు. నాన్న చేతిలో ఖుర్పీ ఉందని బల్బని చెప్పీసినాను.”

ఇన్నేళ్ల డైరీల్లో నమోదు కాకుండా తప్పిపోయిన సంగతి అదొక్కటే. ఆ పూటే రాసిపెట్టాను, ఈసారి ఏడుసార్లు చదువుకోకుండానే.