కిరీటం పెట్టిన మేకు

అతను నా గుర్తులు చెరిపేశాడని తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు. రెండువేల సంవత్సరం ముంచుకొస్తోందని అందరూ కంప్యూటర్లలో తేదీలు దిద్దిస్తున్న కాలం అది. ఆ పని మీదే సిడ్నీలో ఒక బీమా ఆఫీసుకి, శివారు టూంగాబీ నుంచి రైల్లో వెళ్లేదాన్ని. ప్రోగ్రాంలో దిద్దిన ప్రతి లైను చివరా దిద్దినవాళ్ల పొడి అక్షరాలు వేయడం మా పద్ధతి. మూడు నెలలు నేను దిద్దిన లైన్లన్నిటికీ మా టీమ్ లీడ్ నా అక్షరాలు చెరిపి తనవి తగిలించుకున్నాడు. జనవరి తర్వాత మా ఇద్దరిలో ఒకరినే ఉంచుకుంటారు. ఉద్యోగం పోతే నా వీసా కూడా పోతుంది.

అతనూ మనవాడే, మా పక్క ఊరు. అడిగితే నవ్వాడు.

"మనలో మనకి పేర్లెందుకు చెల్లెమ్మా? టీమ్‌వర్క్ కదా!"

చెల్లెమ్మట! తడిగుడ్డతో గొంతు కోసేవాళ్లకే ఈ పిలుపులు ఎక్కువ.

పక్క సీటు యూదు పెద్దాయన నా మొహం చూసి కాగితం మీద ఒక అక్షరం గీశాడు. నిలువు గీత, నెత్తిన చిన్న అడ్డగీత. "జయిన్. మా హీబ్రూలో ఏడో అక్షరం. అంటే ఆయుధం," అన్నాడు. దాని ముందున్న ఆరో అక్షరం ఉత్త మేకు అట. మేకు నెత్తిన కిరీటం పెడితే కత్తి అవుతుందట. "ఏడో రోజు, అంటే శనివారం, మాకు విశ్రాంతి. కత్తి ఉన్నది దాన్ని కాపాడటానికి, పగకి కాదు."

నాకు కిరీటం దాకానే వినపడింది.

వారం తర్వాత నా పాత ప్రింట్లు తిరగేస్తుంటే నా పొరపాటు ఒకటి దొరికింది. రెండువేలు లీపు సంవత్సరమే; కాదని ఒక లైనులో రాసేశాను. ఫిబ్రవరి ఇరవై తొమ్మిది ఎగిరిపోతుంది. తప్పు ముమ్మాటికీ నాదే. కానీ ఆ లైను చివర ఇప్పుడున్నవి అతని అక్షరాలు. నోరు మూసుకుని కూర్చున్నాను.

పరీక్షలో అది బయటపడింది. మీటింగులో మేనేజరు ఆ లైను తెర మీద వేశాడు. ఎవరిదని అడగనే లేదు. అతను నా వైపు తిరిగి తెలుగులో, "చెల్లెమ్మా, అది నువ్వు రాసిందని చెప్పవా, ప్లీజ్," అన్నాడు.

"మనలో మనకి పేర్లెందుకన్నయ్యా?"

ఆ మాట అంటుంటే నోరంతా తీపెక్కింది. ఇప్పుడు తలుచుకున్నా తియ్యగానే ఉంటుంది.

శుక్రవారం అతను ఉద్యోగం పోయి, తన సామాను అట్టపెట్టెలో పట్టుకుని వెళ్లిపోయాడు. మెచ్చుకుంటాడని పెద్దాయనకి నిజం చెప్పాను. ఆయన మెచ్చుకోలేదు.

"రేపు శనివారం. ఇంట్లో ఉండు," అన్నాడు.

శనివారం ఒక్కదాన్నే ఆఫీసుకి వెళ్లి నా తప్పు దిద్దుకున్నాను. లైను చివర నా పొడి అక్షరాలు వేసుకున్నాను.