ముక్కులో మూడు చుక్కలు

డెబ్భైల చివర్లో, నా పెళ్లయిన రెండో ఏడు, వానాకాలంలో మా ఆయన ముక్కు మూసుకుపోయింది. వేరేవాళ్లకైతే అది జలుబు. మాకు బతుకుదెరువుకే దెబ్బ. హనుమకొండలో మా ఇంటి ముందుగదే నెయ్యి దుకాణం. పాలకుర్తి వైపు ఊళ్ల నుంచి ఆడవాళ్లు డబ్బాలు తెస్తే, కాస్త నెయ్యి ముంజేతి మీద రుద్దుకుని, వాసన చూసి కొనేవాడు. ఆయనకు వాసన తెలియట్లేదని బయటికి పొక్కితే, వనస్పతి కలిపిన డబ్బాలన్నీ మా గడపకే వస్తాయి.

దవాఖానలో ముక్కులో వేసుకునే చుక్కల మందు ఇచ్చారు. మా అత్తమ్మకు నశ్యం అలవాటు. అది చూస్తూ పెరిగిన కొడుకు కదా, కూర్చునే ఆ చుక్కల్ని నశ్యంలా గట్టిగా ఎగపీల్చేవాడు. మందంతా గొంతులోకి జారేది. ఆ చేదుకు డాక్టరును తిట్టేవాడు. తల మంచం అంచు మీంచి వెనక్కి వాల్చి వేయాలని సీసాతో వచ్చిన కాగితంలో బొమ్మే ఉంది. చెబితే వింటేగా! అత్తమ్మ ముందు ఆయన తల పట్టుకోవడానికి నాకూ సిగ్గే.

ఈలోగా దుకాణం నడవాలి. డబ్బా రాగానే నీళ్లు తెమ్మని కేకేసేవాడు. గ్లాసుతో వంగి, ఆయన ముంజేతి మీది నెయ్యి వాసన చూసేదాన్ని. మంచిదైతే గ్లాసు చేతికిచ్చేదాన్ని, కాకపోతే కింద పెట్టి వచ్చేదాన్ని. పాపం, ఆ పదిరోజులూ ఆయన తాగినన్ని నీళ్లు మా ఎడ్లు కూడా తాగి ఉండవు.

ఒకరోజు అత్తమ్మ మందుసీసా నా చేతిలో పెట్టింది.

"నా చేతులు వణుకుతున్నయి బిడ్డా. నువ్వే ఎయ్యి."

అని పెరట్లోకి వెళ్లిపోయింది. అప్పటిదాకా ఆ చేతులతోనే చిక్కుడుకాయలకు చకచకా ఈనెలు తీసింది. ఆయన తల ఒక అరచేతిలో పట్టుకుని మూడేసి చుక్కలు వేశాను. కళ్లు గట్టిగా మూసుకుని పడుకున్నాడు. ఎంత ముద్దొచ్చాడో చెప్పలేను.

నేను చుక్కలు వేయడం మొదలుపెట్టిన ఐదోరోజు దుకాణంలోంచే, "పోపు మాడుతాంది, సూడు," అన్నాడు. మూకుడు దింపి మురిసిపోయాను. ఇక నన్ను పిలిచే పని లేదని కాస్త దిగులూ వేసింది.

కాసేపటికి ఒకామె డబ్బా తెచ్చింది.

"ఇగో, జర నీళ్లు తే," అని ఆయన కేక.

వెళ్లి చూస్తే, నెయ్యి అప్పటికే తూచి పక్కన పెట్టేశాడు. అయినా ముంజేయి నా వైపు చాచి కూర్చున్నాడు. వంగి వాసన చూసి, గ్లాసు చేతికిచ్చాను. దాహం లేకపోయినా మొత్తం తాగాడు.