మంచులో నిలిచిన ఎర్ర గుండ్రం

మా ఆయన పోయినప్పటినుంచి నేను ముగ్గుడబ్బా ముట్టలేదు. అరవదేశంలోని కోవిల్‌పట్టిలో ఆయన అక్కా నేనూ ఒకే ఇంట్లో ఉంటాం. తెల్లారి వాకిట్లో నీళ్ళు చల్లేది నేను, ముగ్గు వేసేది మెళ్ళో తాళి ఉన్న వదిన.

పోయిన ఎండాకాలం విరుదునగరం ఎగ్జిబిషన్‌లో చిమ్మే పని దొరికితే ఇద్దరం బస్సులో పోయి వచ్చేవాళ్ళం. అక్కడొక షెడ్డులో నేలంతా ఐసు చేసి పెట్టారు. బయట తారు కరుగుతుంటే లోపల పళ్ళు కొట్టుకునేవి. ఆ ఐసు మీద రాళ్ళు జారించి ఆడతారట. కర్లింగు అంటారట. అదేం ఆటో నాకు అర్థం కాలేదు.

ఐసుకు తెల్లరంగు కొట్టి, నడుమ మేకు పెట్టి, దారం కట్టి, మేస్త్రీ పెద్ద పెద్ద గుండ్రాలు గీశాడు. రంగు నింపే మనిషి ఆ రోజు రాలేదు. వదిన నిలబడి నడుం వంచగలదే కానీ, ఐసు మీద మోకాళ్ళు మడిచి కూర్చోలేదు. మేస్త్రీ బ్రష్షు నాకివ్వబోతే ఆమె అరవంలో అడ్డుపడింది.

"వొద్దు సామీ! కొత్తగా తెరిచే చోట ముగ్గు తాళి లేనిదాని చేత్తోనా?"

"ముగ్గేంది అవ్వా? రాయి ఎక్కడ ఆగాలో చూపే గుర్తు ఇది" అన్నాడు మేస్త్రీ.

గుర్తేనా? నా కళ్ళకు ముగ్గులాగే ఉంది. వదిన మొహం తిప్పుకుంది. నేను బ్రష్షు తీసుకుని ఎర్రరంగు నింపాను.

ఆరగానే మేస్త్రీ దాని మీద నీళ్ళు కొట్టాడు.

"అయ్యో, పోతుందే!" అని అరిచాను.

పోలేదు. నీళ్ళు గడ్డకట్టి, గుండ్రం లోపలే నిలిచిపోయింది. తరవాత అతను వీపున డబ్బా తగిలించుకుని, వెనక్కి నడుస్తూ చుక్కలు చుక్కలుగా నీళ్ళు చల్లాడు, మేం వాకిట్లో చల్లినట్టే. ముగ్గేశాక ఎవరైనా నీళ్ళు చల్లుతారా? అంతా తలకిందులు.

సాయంత్రం షెడ్డు యజమాని భార్య వచ్చి కర్పూరం వెలిగించింది.

"లచ్చణంగా ఉందే! ఎవరేసిండేది?"

నేను నోరు తెరిచేలోపే వదిన, "మా తమ్ముడి పెండ్లాం" అనేసింది.

మర్నాడు తెల్లారి నీళ్ళు చల్లి, బకెట్టు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. వదిన ఎప్పట్లాగే ముగ్గుడబ్బా తెచ్చింది.

"నిన్న నేనేసింది ఏంది వదినా మరి?"

"అది ఐసు, మేయ్. ఇది వాకిలి. తప్పుకో, తడి ఆరిపోతా ఉండాది."

తప్పుకున్నాను. ఆమె చుక్కలు పెడుతుంటే చూస్తూ ఉన్నాను. రెండింటికీ తేడా ఏమిటో ఇప్పటికీ తెలియడం లేదు.