తొమ్మిదో కడ్డీ

మా చర్చిలో ఆర్గన్ మీద జరీ అంచు శాలువా ఒకటి కప్పి ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు చూసి, "అంత మంచి శాలువాని దుమ్ముగుడ్డ చేసేరేంటండీ?" అంటారు. అది ఏసుదాసు అన్నయ్యగారి శాలువా. ఆయన్ని ఆ ఆర్గన్ ముందునించి లేపడానికి తెచ్చిన శాలువా, చివరికి ఆర్గన్ మీదికే చేరింది. ఆ సంగతి చెప్పాలంటే నా తప్పు కూడా చెప్పుకోవాలి. నా నోరు మంచిది కాదని ఊరంతా పేరు. అలాంటి నోరు కావలసిన రోజున పెగల్లేదు, అదీ నా బాధ.

నా పేరు మేరీ. రాజోలు దగ్గర మా ఊరి బడిలో ముప్పై మూడేళ్లు పిల్లల చేత అక్షరాలు దిద్దించి రిటైరయ్యేను. చర్చిలో ఆడవాళ్ల వైపు ముందు వరసలో కూర్చుని పాట ఎత్తేది నేనే. మా దగ్గర పద్ధతి వేరు. ముందు వాయిద్యం మోగడం, తర్వాత మేం అందుకోవడం ఉండదు. పాస్టరు అయ్యగారు పాట నంబరు చెప్పడం ఆలస్యం, నేను ఎత్తేస్తాను. నా గొంతు ఏ శ్రుతిలో లేస్తే ఆ శ్రుతిని ఏసుదాసు అన్నయ్యగారు వెతికి పట్టుకోవాలి. రెండో మాట అయ్యేలోపల పట్టుకునేవారు. ఇన్నేళ్లలో ఒక్కసారైనా "టీచరుగారూ, కాస్త కిందికి ఎత్తండి" అన్న పాపాన పోలేదు. జలుబు చేసి నా గొంతు బొంగురుపోయిన రోజున ఆయన వేళ్లు కూడా ఆర్గన్ మీద కింది శ్రుతి మెట్ల మీదే తిరిగేవి.

ఆయన పాలేరు కొడుకు. మిషనరీ దొరలు వదిలివెళ్లిన, కాలితో తొక్కే ఆర్గన్ ఒకటి మా చర్చిలో ఉండేది. చిన్నప్పుడు దాన్ని తుడిచే పని ఆయనది. తుడుస్తూ తుడుస్తూ నేర్చుకున్నారు. ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, స్వరాలు చదవడం ఇప్పటికీ రాదు. పదిహేనో ఏట మొదటిసారి ఆరాధనలో వాయించేరు. ఇరవయ్యో ఏట మిల్లు డ్రైవరుగా కుదిరేరు. మిల్లు డ్రైవరంటే లారీ తోలే మనిషి కాదండి, రైస్ మిల్లులో ఇంజను నడిపే మనిషి. ముప్పై రెండేళ్లు ఆ ఇంజను గదిలోనే. అక్కడ పక్కవాడి మాట వినపడదు, అంతా చేతి సైగలే. చెవుల్లో దూది పెట్టుకోండి అన్నయ్యగారూ అంటే నవ్వేవారు. "చప్పుడు వింటేనే కదండీ ఏ బేరింగు పోతోందో తెలిసేది," అనేవారు. సోమవారం నుంచి శనివారం దాకా ఇంజను, ఆదివారం ఆర్గన్. ఆయన జీవితం అంతే.

కాలి ఆర్గన్ తిత్తుల్ని ఎలకలు కొట్టేసేక రెండేళ్లు హార్మోనియంతో లాగించేం. అప్పుడు కువైట్‌లో పనిచేసే మా ఊరి సుధీరు, వాళ్లమ్మ జ్ఞాపకార్థం ఈ కొత్త ఆర్గన్ పంపించేడు. ఫోన్లో వీడియో పెట్టుకుని మాట్లాడుతూ అన్నీ చెప్పేడు. "పాతకాలంలో ఈ రకం ఆర్గన్ లోపల ఇనప చక్రాలు తిరిగేవండి, ఒక్కో చక్రానికి ఒక్కో శబ్దం. ఇప్పుడు చక్రాల్లేవు, ఆ శబ్దాలే చిప్పులో పెట్టేరు," అన్నాడు. అన్నయ్యగారి మొహం చూడాలి అప్పుడు. "చక్రాలంటే మనకి తెలిసిన సంగతేనండీ," అన్నారు.

మెట్లకి పైన తొమ్మిది కడ్డీలు ఉంటాయి. సుధీరు డ్రాబార్లన్నాడు గాని మేం కడ్డీలనే అంటాం. ఒక్కో కడ్డీ మీద ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు. మనవైపు ఎంత లాగితే ఆ శబ్దం అంత పెద్దది, లోపలికి పూర్తిగా తోసేస్తే సున్నా. ఎడమ పక్కవి రెండూ గోధుమరంగు, బావిలోంచి వచ్చినట్టు బొంగురు శబ్దం. అక్కణ్నించి కుడివైపు పోయేకొద్దీ సన్నం. ఆ చివర తొమ్మిదోది తెల్లది, దోమ రొదంత సన్నం. ఏ కడ్డీ ఎంత లాగేమన్నదాన్ని బట్టి అదే పాట ఒకసారి ఏడుపుగా, ఒకసారి సంబరంగా ఉంటుంది. ఇంకో మీట ఉంది, అది నొక్కితే శబ్దం గుండ్రంగా తిరుగుతుంది. దానికి ఆయన పంకా అని పేరు పెట్టేరు. ప్రార్థనకి మెల్లపంకా, ఆఖరి చరణానికి జోరుపంకా.

మొదటి వారమే నాతో అన్నారు, "ఈ కుడిచేతి చివరి మూడు కడ్డీలూ కొంచెం బద్ధకంవి టీచరుగారూ. పూర్తిగా లాగితేగాని పలకట్లేదు," అని. ఆ మాట దగ్గరే నాకు వెలగాలి. వెలగలేదు. ఏదో ఛలోక్తి అనుకుని నవ్వేసేను.

ఆ మూడూ చివరికంటా లాగి వాయిస్తుంటే మా చెవుల్లో సూదులు గుచ్చినట్టుండేది. ముసలమ్మలు కొంగు చెవులకి అడ్డం పెట్టుకునేవారు. చంటిపిల్లలు గుక్కపట్టేవారు. నేను ఎత్తిన పాట నాకే వినపడేది కాదు. ఆరాధన అయ్యేక ఆయన తువ్వాలుతో మెట్లు తుడుచుకుంటూ, "ఎలా ఉందండీ ఇవాళ?" అని అడిగేవారు. ప్రతి ఆదివారం అడిగేవారు. మేమంతా ఒకే పాట, "ఆయ్, చాలా బాగుందండి." నేనూ అన్నాను. ఏడాదిన్నర అన్నాను. పెద్దాయన, ఇన్నేళ్లుగా వాయిస్తున్న మనిషి, మొహం మీద ఎలా చెప్తాం? అదీ మా మొహమాటం. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నాం.

మనిషిని నొప్పించకుండా లేపెయ్యడం మా కోనసీమవాళ్లకి వెన్నతో పెట్టిన విద్య. మా చర్చి సెక్రటరీ ఇశ్రాయేలుగారు కమిటీని కూర్చోబెట్టి తేల్చేసేరు. ఇక పాటలకి పెన్‌డ్రైవులో సంగీతం, గుడ్ ఫ్రైడే నుంచే మొదలు. ఈస్టరు రోజున ఏసుదాసుగారికి సన్మానం, శాలువా. కారణం ఎవరూ ఆయనకి చెప్పక్కర్లేదు, శాలువాయే చెప్తుంది.

ఈస్టరుకి ముందు వారం, మట్టల ఆదివారం నాడు కొబ్బరి మట్టలు పట్టుకుని అందరం లోపలికొచ్చి కూర్చున్నాక ఇశ్రాయేలుగారు మైకు ముందుకొచ్చేరు. "మన ఏసుదాసుగారు చాలాకాలం సేవ చేసేరు, ఇక ఈ గుడ్ ఫ్రైడే నుంచి విశ్రాంతి తీసుకోవాలని..." అంటుండగా మైకు కుయ్యిమని కూత పెట్టింది. చర్చి మొత్తం చెవులు మూసుకుంది. అయ్యగారు కూడా మూసుకున్నారు. స్పీకరు డబ్బాకి మూరెడు దూరంలో కూర్చున్న ఏసుదాసు అన్నయ్యగారు మాత్రం చేతులు జోడించుకుని అలాగే ఉన్నారు. రెప్ప కూడా వెయ్యలేదు.

ప్రభువా!

ఆయనకి వినపడట్లేదు. మాటలు కాస్త గట్టిగా అంటే వినపడతాయి, నా పాట వినపడుతుంది, సన్నటి శబ్దం ఒక్కటీ వినపడదు. వాళ్లావిడ బేబి వదినగారు అరిచినట్టు మాట్లాడుతుందని, గయ్యాళి అని మేం నవ్వుకునేవాళ్లం. ఆవిడ ఎందుకు అరుస్తోందో అప్పుడు తెలిసింది. తర్వాత అమలాపురంలో చెవి డాక్టరుగారూ అదే చెప్పేరు. మిల్లు హోరుకి ముందు పోయేది సన్నటి శబ్దాలేనంట, పోయినవి తిరిగి రావంట.

బయటికొస్తుంటే ఆయన నన్ను ఆపేరు. "నావల్ల తప్పేమైనా జరిగిందాండీ? గుడ్ ఫ్రైడే ఒక్కటీ వాయించి లేద్దామనుకున్నాను. పదిహేనో ఏట మొదలెట్టింది ఆ రోజునే. ఎందుకు వద్దన్నారో తెలిస్తే బాగుణ్ను," అన్నారు. అంతా తెలిసి కూడా నేను, "అబ్బే, ఏం లేదండి, మీకు విశ్రాంతి ఇద్దామనే," అన్నాను. ఎన్ని వేలమంది పిల్లల చేత అబద్ధం ఆడకూడదని రాయించేనో నేను!

సోమవారం మధ్యాహ్నం చర్చికి వెళ్లేను. తాళం ఆయన దగ్గరే ఉంటుంది. తలుపులు తీసి, ఒక్కరూ కూర్చుని కడ్డీల సందుల్లో దుమ్ము తుడుస్తున్నారు.

"అన్నయ్యగారూ, మీకు చెవులు సరిగ్గా వినపడట్లేదండి," అన్నాను. ఇంకెలా చెప్పాలో తెలియక.

ఆయనకి కోపం వచ్చింది. ఆయన కోపం నేను ఎప్పుడూ చూడలేదు. "మీరు ఎత్తిన శ్రుతి ఏనాడైనా తప్పేనా? నా చెవులకేమొచ్చిందండీ? చదువుకున్నవాళ్లు, మీరు కూడా ఇలాంటి మాటంటారా?" అన్నారు.

నేను ఎనిమిది కడ్డీలూ లోపలికి తోసేసేను. తొమ్మిదోది ఒక్కటీ పూర్తిగా లాగేను. ఆయన చెయ్యి పట్టుకుని కుడివైపు చివరి మెట్ల మీద పెట్టేను. ఒకటి నొక్కేరు. నా పళ్లు జివ్వుమన్నాయి.

"కరెంటు లేదా?" అన్నారు.

"ఉందండి. మోగుతోందండి."

పక్క మెట్టు నొక్కేరు. "ఇదీ?"

"మోగుతోందండి."

ఇంకోటి. ఇంకోటి. నా మొహంకేసి చూస్తూ నొక్కుతున్నారు. ప్రతిదానికీ నా కనుబొమలు ముడిపడటం చూస్తున్నారు. అబద్ధం ఆడటానికి నా మొహానికి సందు దొరకలేదు. వంగి స్పీకరు డబ్బాకి అరచెయ్యి ఆనించి చూసుకున్నారు. తర్వాత చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"ఎన్నాళ్లనించండీ?"

"ఇది వచ్చిన దగ్గర్నించి."

"అందరికీ తెలుసా?"

"ఆయ్," అన్నాను. తల కొట్టేసినట్టయింది.

"నేను పాడుచేస్తుంటే దేవుడి ఎదురుగా కూర్చుని బాగుందన్నారా టీచరుగారూ? పసిపిల్లాడికి చెప్పినట్టు? ఒక్కరు చెప్తే సరిచేసుకునేవాణ్ని కదండీ," అన్నారు. మిల్లులో అంతటి ఇంజనుకి బెదరని మనిషి తువ్వాలులో మొహం పెట్టుకుని ఏడ్చేరు. నేనూ ఏడ్చేను. క్షమించమన్నాను. క్షమించేనని అనలేదు ఆయన. మొహం తుడుచుకుని, "మీకు ఎలా వినపడాలో చెప్పండి," అన్నారు.

మంగళవారం, బుధవారం, గురువారం అదే పని. గుడ్ ఫ్రైడేకి, ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధనకి ఏడు పాటలు. ఒక్కో పాటకి నేను దూరంగా వెనక బల్ల మీద కూర్చోవడం, ఆయన కడ్డీలు కదపడం. "ఏడో కడ్డీ తగ్గించండి. ఇంకొంచెం. ఆ, అక్కడ." ఆయన కడ్డీ మీద అంకె చూసుకుని, కీర్తనల పుస్తకంలో ఆ పాట పక్కన పెన్సిలుతో తొమ్మిది అంకెలూ వరసగా రాసుకునేవారు. కుడివైపువి చాలా పాటలకి సున్నాలే. మూడో పాటకి మాత్రం ఏడో కడ్డీ ఒకటి మీదా, తొమ్మిదోది రెండు మీదా ఉంచమన్నాను. "నాకు వినపడని దాన్ని మీ మాట మీద లాగుతున్నానండి," అన్నారు. మెల్లపంకా ఎక్కడ వెయ్యాలో మాత్రం నన్ను అడగలేదు. అది ఆయనకి తెలుసు.

గురువారం సాయంత్రం ఇశ్రాయేలుగారింటికి వెళ్లేను. ఆయన మర్యాదగా, "మేరీగారూ, నిర్ణయం అయిపోయిందండి," అన్నారు. నా పాత నోరు అప్పటికి తిరిగొచ్చింది. "ఆయ్, అయితే రేపు మీ పెన్‌డ్రైవునే పాట ఎత్తమనండి. నేను నోరు విప్పితే ఒట్టు. ఆ శాలువా కూడా మీరే కప్పుకోండి. బాగుంటుంది మీకు," అన్నాను. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి, "రేపొక్కరోజు చూద్దామండి," అన్నారు.

శుక్రవారం పన్నెండింటికి చర్చి నిండిపోయింది. తెల్లబట్టలు, ఎండ, చప్పుడు లేదు. అయ్యగారు నంబరు చెప్పేరు, నేను ఎత్తేను. ఆయన రెండో మాటకి పట్టుకున్నారు, ఎప్పట్లాగే. ఆ గోధుమరంగు కడ్డీల శబ్దం బల్లల కిందనించి పాదాల్లోకి వచ్చింది. ఏడాదిన్నర తర్వాత మా పాట మాకు వినపడింది. ఎవరూ కొంగు చెవులకి పెట్టుకోలేదు, కళ్లకి పెట్టుకున్నారు. మూడు గంటలకి ఆఖరి పాటలో ఆయన ఒక్కో చరణానికీ ఒక్కో కడ్డీ లోపలికి తోసుకుంటూ పోయేరు. చివరికి ఒక్కటే మిగిలింది. అది కూడా మెల్లగా తోసేసేరు. మెట్ల మీద వేళ్లు అలాగే ఉన్నాయి. మేం పాడుతూనే ఉన్నాం.

ఆరాధన అయ్యేక ఇశ్రాయేలుగారే ముందు వచ్చేరు. చేతులు పట్టుకుని, "ఆయ్, చాలా బాగుందండి ఏసుదాసుగారూ. మీరే ఉండాలండి," అన్నారు. ఆయన కళ్లల్లో నీళ్లు నిజం. వెనక ఇంకో పదిమంది అదే మాట అన్నారు.

ఏసుదాసు అన్నయ్యగారు అందరికీ దణ్ణం పెట్టేరు. పెట్టి, వాళ్ల భుజాల మీదుగా నన్ను చూసి, "నిజమేనాండీ టీచరుగారూ?" అని అడిగేరు.

చర్చి అంతా నా వైపు తిరిగింది. బాగుందండి అనడానికి నోరు తెరుచుకుంది. ఆపుకున్నాను.

"మూడో పాటలో ఏడో కడ్డీ ఒక అంకె ఎక్కువైందండి," అన్నాను.

ఆయన మళ్లీ కూర్చున్నారు. పుస్తకం తెరిచి, మూడో పాట వెతికి, ఏడో కడ్డీకి రాసుకున్న ఒకటి కొట్టేసి పక్కన సున్నా రాసుకున్నారు.