శనివారం హీటరు వెలిగించినావిడ

మెల్‌బోర్న్ పడమటి శివారులో మా మొదటి ఇంట్లో గ్యాసు హీటరు హాలు గోడకు ఉండేది. ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నీలం మంట అంటుకునేదాకా మీట నొక్కిపట్టాలి. గీజరు స్విచ్చి వెనక వరండాలో. రెండూ వేశాక గంటన్నరకు గానీ ఇల్లు వెచ్చబడేది కాదు, గిన్నెలకు వేడినీళ్ళు వచ్చేవి కావు. ఆ గంటన్నర నేను థర్మామీటరు పెట్టి చూసిన లెక్క. ఆసుపత్రి ల్యాబులో పనిచేసేదాన్ని, ఉజ్జాయింపు మాటలు నాకు గిట్టవు.

1988 నుంచి తెలుగు కుటుంబాల శనివారం ప్రార్థన కూడిక మా ఇంట్లోనే. ఐదింటికి మొదలు. నాకు నాలుగున్నర దాకా డ్యూటీ. మావారు కార్లు లేనివాళ్ళను ఎక్కించుకు రావడానికి రెండున్నరకే బయల్దేరేవారు. చలికాలం వచ్చేసరికి, హీటరు ఎవరు వెలిగించాలన్న ప్రశ్న వచ్చింది.

"నేను వెలిగిస్తాలే అమ్మాయ్, తాళంచెవి ఇవ్వు" అన్నారు పిన్నిగారు. ఆవిడ మాకు చుట్టం కాదు. తెనాలి వైపు మనిషి. భర్త పోయాక కూతురు తెచ్చుకుంటే, మా పక్కవీధిలో కూతురు, అల్లుడి దగ్గర ఉండేవారు.

మూడున్నరకు వెలిగిస్తే చాలని చెప్పాను. కానీ మావారి కారు మలుపు తిరిగేలోపే ఆవిడ గేటు తీయడం ఆయన అద్దంలో చూసేవారట. గంట ముందు నుంచీ ఒక్కరే మా ఇంట్లో ఏం చేస్తున్నారో ఒకరోజు నేను కాస్త తొందరగా వచ్చినప్పుడు తెలిసింది. కీర్తన పాడుతున్నారు, నిండు గొంతుతో. కూడికలో ఆ గొంతు ఎప్పుడూ వినలేదు. అల్లుడిది రాత్రి డ్యూటీ, పగలంతా నిద్ర. ఆ ఇంట్లో చెంచా కింద పడినా అందరూ ఉలిక్కిపడేవారు.

అప్పట్నుంచి గేటు చప్పుడు కాకుండా తీసేదాన్ని. చరణం అయ్యేదాకా మెట్ల దగ్గర ఆగి, అప్పుడు గేటు టక్కున వేసేదాన్ని. పాట ఆగిపోయేది.

"వచ్చావా? మీ మహారాజు ఇవాళ మూడుసార్లు మూలిగితే గానీ లేవలేదు" అనేవారు, హీటరును చూపించి.

1990 జూన్‌లో, అంటే అక్కడ చలికాలంలో, ఒక శనివారం వడగళ్ళ వాన పడింది. నేను వచ్చేసరికి ఆవిడ తడిసిన శాలువాతో హీటరు ముందు మోకాళ్ళ మీదే ఉన్నారు. కుర్చీ పట్టుకుని లేవబోతూ లేవలేకపోతున్నారు. చెయ్యిచ్చి లేపాను. వెంటనే పాత హీటరు తీయించి కొత్తది పెట్టించాను. దానికి టైమరు, గీజరుకు ఇంకో టైమరు. వారానికోసారి తిరిగే చక్రం, చుట్టూ చిన్న చిన్న పిన్నులు. శనివారం గడిలో మూడున్నర దగ్గర పిన్ను నొక్కి, చాలా సంతోషపడ్డాను.

తర్వాతి శనివారం అందరి ముందూ పిన్నిగారికి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశారు.

"అయితే మనిషి అక్కర్లేదన్నమాట."

"మీకు ఇవాళ్టితో రిటైర్మెంటు పిన్నిగారూ."

"పెన్షను ఏమైనా ఇస్తావా?"

అందరూ నవ్వారు. ఎక్కువ నవ్వింది నేనే.

తర్వాత ఆవిడ ఐదింటికి కూతురి వెంట వచ్చి, మూల కుర్చీలో కూర్చుని, వందనాలు చెప్పి వెళ్ళడం మొదలుపెట్టారు. మూడు శనివారాలు చూసి, వంటింట్లో పట్టుకుని అడిగాను. "ఊరికే ముందుగా రండి, తాళంచెవి మీ దగ్గరే ఉందిగా."

"ఊరికేనా? అల్లుడుగారికి ఏం చెప్పి రాను? హీటరు వెలిగించాలని చెప్పి బయల్దేరేదాన్ని. ఊరికే వెళ్తున్నానంటే, మా ఇంట్లో ఏం తక్కువైందనుకోరూ?" కొంగు సర్దుకుని అన్నారు, "ఆయన మంచివాడే. అందుకే మరీ అనలేను."

ఆగస్టులో ఒక శుక్రవారం ఫోన్ చేసి, టైమరు పనిచేయట్లేదని చెప్పాను. "అయ్యో, అలాగా!" అన్న ఆ గొంతులో విచారం లేదు. మర్నాడు డ్యూటీకి వెళ్ళేముందు టైమరు పనిచేయకుండా దాని పక్కన స్విచ్చి మార్చి వెళ్ళాను.

సాయంత్రం గేటు మెల్లగా తీశాను. లోపల మగ గొంతు. అల్లుడు నిద్ర మానుకుని స్క్రూడ్రైవరుతో వచ్చాడు.

"ఆంటీ, టైమర్ పర్ఫెక్ట్‌గా ఉంది. ఎవరో మాన్యువల్‌లో పెట్టారు, అంతే. ఆటోలోకి మార్చేశాను. గీజర్ కూడా చెక్ చేశాను. ఇక అత్తయ్యగారికి ట్రబుల్ ఉండదు."

థాంక్స్ చెప్పాను.

పిన్నిగారు వంటింట్లో కప్పులు తుడుస్తున్నారు. నన్ను చూసి గొంతు తగ్గించి, "అబద్ధమాడేదానివి ఒక వైరైనా పీకొద్దటే?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. కొంగు ముడి విప్పి తాళంచెవి గట్టు మీద పెట్టారు.

"ఉంచుకోండి పిన్నిగారూ."

"వద్దులే, ఎక్కడైనా పారేసుకుంటాను."

నేను మళ్ళీ బతిమాలలేదు. అప్పుడే మావారి కారు వచ్చింది, మనుషులు దిగుతున్నారు.

మరుసటి ఏడు చలికాలానికి ముందే అల్లుడికి సిడ్నీలో ఉద్యోగం వచ్చి, వాళ్ళు అక్కడి పెండిల్ హిల్ పేటకు వెళ్ళిపోయారు. టైమరు ఒక్క శనివారమూ తప్పలేదు. నేను వచ్చేసరికి ఇల్లు వెచ్చగా, కుళాయిలో నీళ్ళు వేడిగా ఉండేవి. గేటు మాత్రం చాలాకాలం చప్పుడు కాకుండానే తీసేదాన్ని.